జపాను అమెరికా బడిపిల్లల పరస్పర పరిచయము



జపాను దేశపు బడిపిల్లలును అమెరికా దేశపు బడిపిల్లలును ఒకరి గడప నొకరు త్రొక్కకయే, అంతర్జాలము మూలమున పరిచయము చేసికొను పద్ధతి యొకటి గడచిన ముప్పది యేండ్లుగా వ్యాపించినది. నేటి నా ప్రసంగమునకు అదియే విషయము. "టోక్యో పిల్లలు న్యూయార్కు పిల్లలతో మాటలాడిన మన రచ్చబండకు వచ్చిన దేమి?" అని పెద్దలు కొందరు నవ్వవచ్చును. మన యూళ్ళనుండి వెడలి అమెరికాలో కాపురమున్న కుటుంబములు నేడు పెక్కులు. వారి బిడ్డలు చదువునది ఆ దేశపు బడులలోనే. అట్టి తరగతి కొకదానికి జపాను తరగతి జోడు కుదిరినచో, "అమెరికా బాలిక" యను పేర టోక్యోకు జాబు వ్రాయునది మనలో నెవరి మనుమరాలో కావచ్చును. సంక్రాంతినాడు మా యింట గొబ్బెమ్మలు పెట్టుదురని ఆమె వ్రాయును. అమెరికా యాచారము లిట్టివి కాబోలునని అచటి బాలుడు వ్రాసికొనును. ఈ చిక్కును గూర్చి తరువాత చెప్పెదను.

పని జరుగు తీరు ఇట్లుండును. అమెరికాలో నొక ఉపాధ్యాయుడు, జపానులో నొక ఉపాధ్యాయుడు ముందుగా మాటలాడుకొని తమ తరగతులను జతపరతురు. అంతర్జాలములో వారి కొక గది యేర్పడును. గది యనగా గోడల గది కాదు. ఆ రెండు తరగతులవారు తప్ప పరులు చూడ వీలులేని పలక యని తలంపుడు. బాలలు తమ యింటిని, బడిని, ఊరిని గూర్చి అందులో వ్రాయుదురు, ఛాయాచిత్రములు చేర్తురు, కంఠధ్వని పంపుదురు, రెండు మూడు నిమిషముల చలనచిత్రములు తీసి పెట్టుదురు. ఆవలివారు తమకు తీరికయైనప్పుడు చూచి ప్రశ్నలడిగెదరు. కొన్ని తరగతులు ఏడాది కొకటి రెండు పర్యాయములు తెరమీద ముఖాముఖిగా కూడ మాటలాడును. కాని పనిలో పెక్కు భాగము జాబుల పద్ధతినే నడచును.

దీని పుట్టుక కంప్యూటరులు ఇంటింట లేని నాటిది. 1988లో న్యూయార్కు రాష్ట్రపు బడులను, నాటి సోవియటు రాజధానియగు మాస్కో బడులను దూరవార్తా యంత్రములచే కలుపు ప్రయత్నమొకటి జరిగెను. అదియే పెరిగి 'ఐ-ఎర్న్' అను సంస్థయై, నేడు నూటికి పైబడిన దేశముల బడులను కలుపుచున్నది. జపానునందును దానికి శాఖ కలదు. జపాను ప్రభుత్వము 1994లో "నూరు బడుల పథకము" అను పేర నూటపదునొకండు బడులకు అంతర్జాల సంబంధము కల్పించెను. 2019 చివర ప్రతి బాలునకు ఒక చిన్న కంప్యూటరు ఈయవలెనని నిశ్చయించి, అంతలో కోవిడు వ్యాధి వచ్చి బడులు మూతపడగా, ఆ పనిని త్వరపెట్టి 2021 నాటికి చాలవరకు నెరవేర్చెను. 2011లో నెలకొన్న 'కిజునా అక్రాస్ కల్చర్స్' అను సంస్థ, జపాను భాష నేర్చుకొను అమెరికా పిల్లలను ఇంగ్లీషు నేర్చుకొను జపాను పిల్లలతో జతగూర్చుచున్నది. కిజునా యనగా బంధము. ఆ యేడు మార్చి 11న భూకంపము, దాని వెంట సముద్రపు పొంగు వచ్చి వేలకొలది జనులు మడియగా, ఆ సంవత్సరమునకు తగిన అక్షరమని జపానువారు ఎన్నుకొన్నది ఈ మాటను తెలుపు లిపిచిహ్నమునే.

ఇక కష్టములు. మొదటిది కాలము. టోక్యోలో సోమవారము ఉదయము తొమ్మిది గంటలకు బడి సాగుచుండ, న్యూయార్కులో శీతకాలమున ఆదివారము రాత్రి యేడు గంటలు. అచ్చట బడి తెరచు వేళకు ఇచ్చట బాలలు పండుకొనుచుందురు. ఒక్క హవాయి దీవులలో మాత్రమే, టోక్యో ఉదయపు తొమ్మిదింటికి ముందునాటి మధ్యాహ్నము రెండు గంటలగుటచే, ఇరుపక్కల పిల్లలు బడిలోనే యుండి మాటలాడ వీలగును. తక్కిన చోటుల జాబు వ్రాసి యెదురుచూడవలసినదే. ఇది లోపమని కొందరందురు గాని, నే నట్లు తలపను. పరభాషలో వ్రాయు పిల్లవానికి ఒక రాత్రి గడువు గొప్ప సాయము. నిఘంటువు చూడవచ్చును, ఉపాధ్యాయుని అడుగవచ్చును, సిగ్గుపడక కొట్టివేసి తిరిగి వ్రాయవచ్చును. ముఖాముఖి మాటలలో జపాను బాలుడు సరియైన మాటకై వెదకికొనుచు ఒక క్షణ మూరకుండును. అమెరికా బాలు డది చూచి, ఈతనికి నాతో మాటలాడ నిష్టము లేదు కాబోలునని నొచ్చుకొనును. జపానువాడు మాటిమాటికి "హాయ్" అనును. అది మన "ఊఁ" వంటిది. వినుచున్నానని చెప్పుటకు కూడ వాడుదురు. తన మాట నొప్పుకొన్నాడని ఆవలివాడు సంతసించును. ఇట్టి పొరపాటులు జాబులలో తక్కువ.

జాబుల మాట వచ్చినది కావున ఒక విషయము చెప్పక విడువలేను. మన పెద్దలు "ఉభయకుశలోపరి" యని క్షేమసమాచారము ముగించి గాని పనిలోనికి దిగెడివారు కారు. జపానువారి సంప్రదాయ లేఖయు నంతియే. వందనవాచకము వ్రాసి, వెంటనే ఋతువును ప్రస్తావించి, ఎండలు ముదిరినవి, ఆకులు పండినవి యని రెండు మాటలు చెప్పి, ఎదుటివారి ఆరోగ్య మడిగి, అటుపిమ్మట విషయము నెత్తుకొందురు. అమెరికా పిల్లవాడు మొదటి పంక్తిలోనే తన పేరు, తన కుక్కపేరు, తాను ఆడు ఆట చెప్పివేయును. ఒకరి జాబు ఒకరికి ఎట్లు తోచునో ఊహింపుడు. పేరు వ్రాయుటయందును భేదమే. జపానువారు మనవలెనే ఇంటిపేరు ముందుంచి తమ పేరు వెనుక చెప్పుదురు. ఇంగ్లీషులో వ్రాయునపుడు మాత్రము చిరకాలము తారుమారు చేసి వ్రాసిరి. 2020 జనవరి నుండి ప్రభుత్వ పత్రములలో ఇంగ్లీషు లిపియందును ఇంటిపేరే ముందుండవలెనని అచటి ప్రభుత్వము నిర్ణయించినది. పేరు చివర "సాన్" అని చేర్చుట మన "గారు" వంటిది. వాక్యమునందు క్రియ చివర వచ్చుట, విభక్తులు నామము వెనుక చేరుట మనకు సహజము, వారికిని సహజము. ఇంగ్లీషు బాలునకు ఇది తలక్రిందుగా నడచినట్లుండును. అమెరికా తరగతిలో తెలుగుబిడ్డ యున్నచో ఈ యొక్క విషయమున తక్కినవారికంటె ఒక మెట్టు పైనుండును. ఇంట తెలుగు మాటలాడుచున్నచో సుమా.

జపానువారు భోజనమునకు ముందు చేతులు జోడించి "ఇతదకిమస్" అందురు. "వినయముతో స్వీకరించుచున్నాను" అని దాని యక్షరార్థము. దీని నింగ్లీషులో నెట్లు చెప్పవలెను? సరియైన మాట దొరకదు. ఎవరినుండి స్వీకరించుట? వండినవారినుండియా, పండించినవారినుండియా, అన్నముగా మారిన ప్రాణినుండియా? అమెరికా బాలు డీ ప్రశ్న వేయువరకు జపాను బాలు డెన్నడును ఆలోచించి యుండడు. రోజు నోట వచ్చు మాటయే కదా! పంక్తిభోజనమున మనము "గోవిందా" యనుట యేల యని పరదేశి యొకడు మనల నడిగిన, మనకును ఒక క్షణము నోట మాట రాదు. ఈ పరిచయములవలన పిల్లలకు కలుగు లాభములలో దీనికి నేను పెద్దపీట వేయుదును. పరుల కాచారము తెలియుట యటుంచి, తన యాచారము తనకు తెలియును.

బడిలో జరుగు పనులును ఇట్టివే. జపానులో ప్రాథమిక పాఠశాల పిల్లలు తమ గదులను, నడవలను తామే యూడ్చి తుడుతురు. మధ్యాహ్నపు టన్నమును వంతులవారిగా, తలపై తెల్లగుడ్డ టోపీ ధరించి, తోడివారికి తామే వడ్డింతురు. అమెరికాలో ఊడ్చుటకు పనివా రుందురు. ఈ చిత్రములు చూచి "మీ రేమి తప్పు చేసితిరి? ఇది శిక్షయా?" యని అడుగుట అమెరికా పిల్లలకు సహజమే. అమెరికా ఉన్నత పాఠశాలలో గంటగంటకు పిల్లలే గది మారి ఉపాధ్యాయుని యొద్దకు పోవుదురు. జపానులో పిల్లలు కూర్చున్న చోటికి ఉపాధ్యాయుడే వచ్చును. "మీకు మీ తరగతిగది యనునది లేదా? మీరు ఊడ్చు గది యేది?" యని జపాను బాలిక యడుగును. ఈ రెండు ప్రశ్నలు ఒక దాని కొకటి సరిపోయినవి.

ఇంతవరకు చెప్పినది వేడుకగా నున్నది. కాని వేడుకతోనే యాగిపోయిన చెలిమి యేమగునో చూపు వృత్తాంతమొకటి ఈ రెండు దేశముల నడుమనే కలదు. 1924లో అమెరికా ప్రభుత్వము శాసనమొకటి చేసి జపానువారి వలసను ఇంచుమించు పూర్తిగా మాన్పెను. జపానులో ఇది గొప్ప యవమానముగా తోచెను. అప్పుడు సిడ్నీ గ్యూలిక్ అను క్రైస్తవ మతబోధకుడు, జపానులో ఇరువది యేండ్లకు పైగా నివసించినవాడు, పెద్దల మనసులు మార్చుట కష్టము, పిల్లలనుండి మొదలుపెట్టుదమని తలచెను. జపానులో మార్చి 3వ తేదీ బాలికల బొమ్మల పండుగ. మన సంక్రాంతి బొమ్మలకొలువువలె మెట్లమీద బొమ్మలు తీర్చుదురు. ఆ పండుగ కందునట్లు 1927లో అమెరికా బాలలు పండ్రెండువేలకు పైగా బొమ్మలను ఓడలలో పంపిరి. ప్రతి బొమ్మకు ఒక పేరు, ఒక ప్రయాణపత్రము, ఒక జాబు ఉండెను. జపానులో షిబుసావా ఎయిచి అను వృద్ధ వర్తకప్రముఖుడు ముందు నిలిచి వానిని స్వాగతించి బడులకు పంచిపెట్టించెను. బదులుగా జపాను బాలికలు తలకొక సెన్ను, అనగా యెన్నులో నూరవవంతు, చందా వేసికొని, పేరుపొందిన శిల్పులచేత ఏబదియెనిమిది పెద్దబొమ్మలను చేయించి, పట్టుబట్టలు కట్టి, ఆ సంవత్సరము చివర అమెరికాకు పంపిరి. ఒక్కొక బొమ్మ రెండున్నర యడుగులకు మించిన యెత్తు.

పదునాలుగేండ్లకు యుద్ధము వచ్చెను. నీలికన్నుల బొమ్మలు శత్రువుల బొమ్మలైనవి. 1943 ప్రాంతమున పెక్కు బడులలో వానిని పిల్లల యెదుటనే కాల్చిరి, పొడిచిరి. కొందరు ఉపాధ్యాయులు మాత్రము అటకలపై, గోడబీరువాలలో, పాత సామానుల నడుమ దాచియుంచిరి. పట్టుబడిన వారి కది చిన్న యపరాధము కాదు. పండ్రెండువేలలో నేడు మిగిలియున్నవి మూడువందలకు పైచిలుకు. అమెరికాలోనో, అదే కాలమున, 1942 నుండి, జపాను సంతతివారిని లక్షా యిరువదివేల మందిని ఇండ్లనుండి తరలించి కంచెల నడుమ నుంచిరి. వారిలో మూడింట రెండువంతులు అమెరికా పౌరులే.

ఆ బొమ్మల ప్రయత్నము మంచిది కాదని నే ననను. బొమ్మను దాచిన ఉపాధ్యాయుని తలచుకొనగా చేతులెత్తి మ్రొక్కవలెనని తోచును. కాని యొకటి గమనింపుడు. బొమ్మ మాటలాడదు. "మా వారిని మీ దేశమునకు రావలదని యేల శాసించితిరి?" అని బొమ్మ నడిగిన బదులు రాదు. ఆ పండ్రెండువేల జాబులును స్నేహవచనములే. ప్రశ్న యున్న జాబు, దానికి బదులు, ఆ బదులునకు మరల ప్రశ్న, ఇట్టి పరంపర నడువలేదు. నేటి పద్ధతికిని నాటి పద్ధతికిని భేద మిక్కడ కలదు. ఉండవలెనని నా యుద్దేశము. పండుగలను, ఫలహారములను చెప్పుకొని చప్పట్లు కొట్టి ముగించినచో ఇదియు తెరమీది బొమ్మలకొలువే యగును.

కాలభేదము కష్టమని మొదట చెప్పితిని. ఆ కష్టమే ఒక పెద్ద పాఠమును తెచ్చి యెదుట నిలుపును. 1941లో జపాను విమానములు హవాయి దీవులలోని పెర్ల్ హార్బరు నౌకాస్థానముపై బడిన దినము అమెరికా పాఠ్యపుస్తకములలో డిసెంబరు 7. జపాను పాఠ్యపుస్తకములలో డిసెంబరు 8. ఎవరిది తప్పు? ఎవరిదియు కాదు. హవాయిలో ఆదివారము ఉదయము ఎనిమిది గంటలు కావచ్చుచుండ, టోక్యోలో సోమవారము తెల్లవారుజామున మూడు దాటినది. అటులనే 1945లో హిరోషిమాపై అణుబాంబు పడినది జపానులో ఆగస్టు 6 ఉదయము ఎనిమిదింబావునకు. ఆ క్షణమున వాషింగ్టనులో ఇంకను ఆగస్టు 5 సాయంకాలము. ఒకే క్షణమునకు రెండు తేదీలు. తేదీ రెండైనపుడు కథ యొక్కటియేనా? దాడి యెందుకు జరిగినది, బాంబు వేయవలసి వచ్చినదా, చచ్చినవా రెవరు, మొదలుపెట్టిన దెవరు, ఆ యుద్ధమున జపాను సేనలు చీనాలో నేమి చేసినవి? ఈ ప్రశ్నలు బడిలో రెండుపక్కల ఒక తీరున చెప్పబడవు. జపాను పిల్లలు మొదట వినునది హిరోషిమా. అమెరికా పిల్లలు మొదట వినునది పెర్ల్ హార్బరు. శరదృతువున మొదలైన తరగతుల జత డిసెంబరు నాటికి ఒండొరులకు కొంత చేరువైయుండును. సరిగా ఆ సమయమున ఈ తేదీ వచ్చును.

అప్పు డుపాధ్యాయు డేమి చేయవలెను? పెక్కుమంది ఆ వారమున క్రిస్మసు కాగితపు చిత్రములు, కొత్తయేటి శుభాకాంక్షలు పంపించి దాటిపోవుదురు. వారి భయము నే నెరుగుదును. తల్లిదండ్రులు, పై యధికారులు ఏమందురో యని. ఆ భయము నిష్కారణము కాదు. అయినను పెద్దలు దాటవేసిన దెంతకాలమో చూడుడు. అమెరికా అధ్యక్షపదవిలో నున్నవా డొకడు హిరోషిమాకు పోయి పుష్పగుచ్ఛ ముంచుట 2016 మే నెలలో గాని జరుగలేదు. జపాను ప్రధాని ఆ యేటి డిసెంబరులో ఆ అధ్యక్షునితో గూడి పెర్ల్ హార్బరున నిలిచెను. నడుమ డెబ్బదియొక సంవత్సరములు గడచినవి. పిల్లలు అంతకాలము వేచియుండలేదు. హిరోషిమా బాలిక ససాకి సదాకో, బాంబు పడునప్పటికి రెండేండ్లది, పండ్రెండవ యేట 1955లో రక్తవ్యాధిచే మరణించెను. రోగశయ్యపై ఆమె కాగితపు కొంగలను మడచెడిది. ఆమె తోడి విద్యార్థులు చందాలు ప్రోగుచేయగా 1958లో ఆ నగరమున స్మారకము లేచినది. నేడు అమెరికా బడిపిల్లలతో సహా లోకమునందలి వారెల్లరు అచటికి పంపు కాగితపు కొంగలు ఏటికి సుమారు కోటి. ఆమె మడచిన కొంగలలో నొకదానిని ఆమె కుటుంబమువారు పెర్ల్ హార్బరు స్మారకశాల కిచ్చిరి. 2013 నుండి అది యచట నున్నది.

పిల్లలు యుద్ధమును గూర్చి తీర్పు చెప్పవలెనని నా కోరిక కాదు. వారి తాతలనాటి తగవు వారు తీర్చలేరు. "మీ పుస్తకమున ఈ దినమును గూర్చి యెన్ని పంక్తులున్నవి? మొదటి పంక్తి యేది?" అని అడిగి, రెండు పుస్తకముల పుటలను పక్కపక్కన పెట్టి చదువుకొన్న చాలును. పంక్తులు లెక్కించుటలో కోపమునకు తావులేదు. లెక్కించిన పిదప తోచు ఆలోచనలు వారివి.

మరి కొన్ని లోపములు. నేడు ఒక భాషలో వ్రాసినదానిని మరియొక భాషలోనికి రెప్పపాటులో మార్చు యంత్రములు వచ్చినవి. పిల్లవాడు జపానులో ఒక పంక్తి వ్రాసి మీట నొక్కిన, అచ్చమైన ఇంగ్లీషు బయలుదేరును. ఆవలి పిల్లవాడును అట్లే చేయును. ఇక మాటలాడుకొనుచున్న దెవరు? రెండు యంత్రములు. తప్పులున్న జాబే నాకు ప్రియము. తప్పును చూచి ఆవలివాడు నవ్వి దిద్దిపంపు జాబు ఇంకను ప్రియము. అమెరికాలో 1998 నాటి శాసనము ప్రకారము పదుమూడేండ్ల లోపు పిల్లల వివరములను అంతర్జాల వర్తకులు తల్లిదండ్రుల యనుమతి లేక సేకరింపరాదు. ఇది మంచిదే, గది తలుపు గట్టిగా నుండవలెను. దేశమంతటికి ఒక బాలుని ప్రతినిధిగా నెంచుట మరియొక లోపము. ముందు చెప్పిన గొబ్బెమ్మల చిక్కు ఇదియే. "అమెరికాలో ఇట్లు చేయుదురు" అని వ్రాయక "మా యింట ఇట్లు చేయుదుము" అని వ్రాయుడని పిల్లలకు మొదటినాడే చెప్పినచో సగము చిక్కు తీరును. జపానునందును ఉత్తరపు హొక్కైడోలో మంచు, దక్షిణపు ఓకినావాలో చెరకుతోటలు. ఇచటి యింటివలె అచటి యిల్లుండదు.

జపానులో బడిసంవత్సరము ఏప్రిలులో మొదలై మార్చిలో ముగియును. అమెరికాలో ఆగస్టు సెప్టెంబరులలో మొదలై మే జూనులలో ముగియును. కావున పిల్లలకు మాటలు కుదిరి, అసలు ప్రశ్నలు అడుగ ధైర్యము కలుగు వేళకు, జపాను తరగతి చెదరిపోవును. అమెరికా పిల్లలు మార్చి నెలాఖరున పంపిన జాబులకు బదులు చెప్పువా రుండరు. ఏప్రిలులో ఆ గదిలో కూర్చుండువారు వేరు పిల్లలు. ఇట్టి పని నడపు ఉపాధ్యాయుడు నన్ను సలహా యడిగినచో నే నిట్లు చెప్పుదును: బదులు రాని ప్రశ్నల నన్నిటిని ఒక కాగితమున వ్రాయించి, ఏప్రిలులో వచ్చు క్రొత్త తరగతి కది మొదటి పాఠముగా ఇండు. తమ పేరులు చెప్పుకొనుటకు ముందే, తమ కంటె ముందు కూర్చున్నవారు బదులీయక విడిచిన వేవో వారు చదువుదురు గాక.